నేను చెప్పిన ఒకే ఒక్క తీర్పు

మొన్న పొద్దున మా మనవరాలు పేపరు చదివి వినిపిస్తూ ఉంది. అచ్చు అక్షరాలు నా కళ్ళకు ఆనడం మానేసి చాలా కాలమైంది. ఇంట్లో ఎవరు ఖాళీగా దొరికితే వాళ్ళ చేత చదివించుకుంటాను. ఆ పిల్ల కర్నూలులో లా చదువుతోంది గనుక సినిమా వార్తలు దాటేసి కోర్టు వార్తల దగ్గర ఆగింది. ఎక్కడో ఒక కింది కోర్టు జడ్జి తన ముందుకొచ్చిన కేసును తాను వినకుండా ఇంకెవరికో అప్పగించి, వాళ్ళు తేల్చినదాని కింద సంతకం చేశాడట. పై కోర్టు ఆ తీర్పును కొట్టేసి, మొదటినుంచి నువ్వే విను అని తిప్పి పంపిందట. నేను కుర్చీలో నిటారుగా సర్దుకుని కూర్చుని, "నా తీర్పును కూడా ఇట్లాగే కొట్టేశారు తల్లీ. ఇంకా మీసం సరిగ్గా దిద్దుకోని వయసులో ఆదోని మున్సిఫ్ కోర్టు దావాలో తీర్పు చెప్పినవాణ్ణి నేను. దాన్ని కొట్టెయ్యడానికి కర్నూలు జడ్జికి చెమటలు పట్టినాయి" అన్నాను.

"నువ్వు జడ్జివి ఎప్పుడైనావు తాతా? వకీలువే కదా?" అంది పిల్ల.

చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న నా ఇల్లాలు తల ఎత్తకుండానే, "ఒక మధ్యాన్నం అయినారులే మీ తాత. చెయ్యి కడుక్కునేలోపలే దిగిపోయినారు" అంది.

కొంచెం సాగదీసిన మాట నిజమే, ఒప్పుకుంటున్నాను. ఆ తీర్పు కింద ఉన్న సంతకం నాది కాదు. కర్నూలు జడ్జి గారికి చెమటలు పట్టిన మాట మాత్రం సత్యం. అది మే నెల. అయితే ఆ తీర్పులోని వాక్యాలు, వాటిలోని తప్పులతో సహా, నావే. అది ఎట్లా జరిగిందో పిల్లకు చెప్పాను. చెప్పిన తరువాత రాసి పెట్టాలనిపించింది.

అప్పటికి మా ఆదోని తాలూకా బళ్ళారి జిల్లానుంచి ఊడి, కొత్త ఆంధ్ర రాష్ట్రంలో కర్నూలు జిల్లాకు అతుక్కుని ఎంతో కాలం కాలేదు. వకీళ్ళ గదిలో సగంమందికి 'మన జిల్లా' అంటే ఇంకా బళ్ళారే. ఇంట్లో కన్నడం, అంగట్లో తెలుగు, టాంగావాడితో ఉర్దూ మాట్లాడేవాళ్ళం. ఏ మాట ఏ భాషదో ఎవరికీ పట్టింపు లేదు. కోర్టు వరండాలో కూర్చుంటే జిన్నింగు మిల్లుల వైపునుంచి దూది పింజెలు ఎగిరొచ్చి నల్లకోట్ల మీద వాలేవి. వాదనకు లేచే ముందు ఒకరి వీపు ఒకరు దులపడం మా దగ్గర మర్యాద. అవతలి పార్టీ వకీలు వీపైనా దులపాల్సిందే. మా నాయనది దూది వ్యాపారం. నేను వకీలునై ఆ పింజెల నుంచి తప్పించుకున్నానని మా అమ్మ సంబరపడేది. సాయంత్రం ఇంటికి పోతే నాయన కోటూ నా కోటూ ఒకే రంగులో ఉండేవి.

అప్పుడు మాకు వచ్చిన మున్సిఫ్ గారు గోదావరి వైపు మనిషి. చాలా మంచివాడు. కాఫీ ఇస్తే "అయ్యో, మీకెందుకండీ శ్రమ" అనేవాడు. చట్టం ఆయనకు కంఠోపాఠం. ఒకటే చిక్కు, మా మనుషులు మాట్లాడితే ఆయనకు అర్థమయ్యేది కాదు. వచ్చిన కొత్తలో చిప్పగిరి వైపునుంచి వచ్చిన ఒక రైతు బోనులో నిలబడి గట్టు తగాదా చెబుతుంటే ఆయన మాటిమాటికీ "ఏమన్నావు, మళ్ళీ చెప్పు" అని అడిగారు. ఆ రైతు చివరికి విసుగెత్తి వకీలు వైపు తిరిగి, "ఈయప్పకు సెవుడేమో, గట్టిగా సెప్పాల్నా?" అన్నాడు. కోర్టంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన ముఖం ఎర్రబడింది.

ఆ రోజు తరువాత ఆయన హాల్లో కూర్చోవడం తగ్గించారు. సాక్షుల వాంగ్మూలాలు కోర్టు గుమాస్తాల పెద్ద, శిరస్తాదారు రాసుకునేవాడు. మున్సిఫ్ గారు పక్క గదిలో కూర్చుని, రాసినవాటిని చదువుకునేవారు. స్థలం తగాదా వస్తే ఎవరో ఒక వకీలును కమిషనరుగా వేసి, పోయి చూసి తేల్చుకుని రమ్మనేవారు. అన్నదమ్ముల గొడవలు ఒక పెద్ద వకీలు ఇంటికి పోయేవి, అక్కడే ముగిసేవి. పెళ్ళిలో తాంబూలాలు పంచినట్టు దావాలు పంచేవారు. ఎవరూ ఆక్షేపించలేదు. పని చకచకా అయ్యేది. శిరస్తాదారు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. మాబోటి కుర్ర వకీళ్ళకు కమిషను దొరికితే బస్సు చార్జీ, భోజనం, నలుగురిలో గౌరవం. నేను చేతులు కట్టుకుని ఆయన గది ముందు నిలబడ్డ రోజులు ఉన్నాయి.

అట్లా నా వాటాకు వచ్చింది ఎమ్మిగనూరు సందు దావా. ఆ ఊళ్ళో మగ్గాల వీధుల్లోకి పోతే ఇప్పటికీ నాకు పులిసిన గంజి వాసన ముందు తగులుతుంది. నేతగాళ్ళు మగ్గానికి ఎక్కించే ముందు పడుగు దారాలను వీధి పొడుగునా చాచి కట్టి, గంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వుతారు. వీధి చక్కగా సాగకపోతే పడుగు చక్కగా ఆరదు, పడుగు బాగాలేకపోతే చీర బాగాలేదు. ఒక సందులో ఒక పెద్దావిడ ఉండేది. మొగుడు పోయాక కోడలితో కలిసి మగ్గం నడుపుకునేది. వీధి అంతా ఆమెను పెద్దమ్మ అనేది, నేనూ అట్లాగే అంటాను. ఆమె ఇంటి పక్కన ఒక గింజల వ్యాపారి ఇల్లు. ఆయన తన ఎత్తరుగుకు కొత్తగా బేతంచర్ల బండలతో వెడల్పాటి మెట్లు కట్టించాడు. ఆ మెట్లు సందులోకి పొడుచుకొచ్చాయి. పెద్దమ్మ పడుగు సాగే దారికి సరిగ్గా అడ్డం. అడిగితే వ్యాపారి, వీధి అందరిదీ, పడుగు పక్కకు జరుపుకోమన్నాడు. ఆ సందులో పక్క లేదు. ఆమె దావా వేసింది.

ఆ గింజల వ్యాపారి తరువాత నాకు పిల్లనిచ్చాడు. చిక్కుడుకాయల ముందు కూర్చున్నది ఆ పిల్లే. అప్పటికి మాత్రం ఆ ఇంట్లో ఆడపిల్ల ఉందని కూడా నాకు తెలియదు. ఇది కూడా సాగదీసిన మాటేనేమో, తెలుసనే మా ఆవిడ అంటుంది.

సరే, నేను కమిషనరునై బయల్దేరాను. బస్సు ఆదోనిలో ఆలస్యంగా కదిలి, దారిలో టైరు పంక్చరై, ఎమ్మిగనూరు చేరేటప్పటికి మిట్టమధ్యాహ్నం. సందు ఖాళీగా ఉంది. ఎండలో ఒక కుక్క కూడా లేదు. పడుగులు తెల్లవారుజామున చాస్తారని, ఎండెక్కే లోపల చుట్టేసి లోపలికి తీసుకుపోతారని నాకు తెలియకపోలేదు. ఆదోనివాణ్ణి, ఎందుకు తెలియదు. కానీ ఆకలి మీద ఉన్నవాడికి తెలిసినవన్నీ గుర్తుకు రావు. వ్యాపారి అరుగు మీద నీడ ఉంది. లోపలినుంచి బొరుగుల ఉగ్గాని తిరగమాత వాసన వచ్చింది. పొడుగు మిరపకాయ బజ్జీలు వచ్చాయి. కొలతలు తీయాలి కదా అని నేను లేవబోతే, "మీరు కూసోండి సామీ, మా గుమాస్తా ఉండాడు కదా" అన్నాడు వ్యాపారి. గుమాస్తా గోతాలు మోసే హమాలీని పిలిచి తాడు ఇచ్చాడు. మున్సిఫ్ గారు నాకు అప్పగించారు, నేను గుమాస్తాకు అప్పగించాను, గుమాస్తా హమాలీకి అప్పగించాడు. న్యాయం చేతులు మారి మారి చివరికి తాడు కొస పట్టుకుని ఎండలో నిలబడింది. ఆ హమాలీని తప్పు పట్టను. మాలో పని చేసినవాడు వాడొక్కడే.

చెయ్యి కడుక్కుంటుంటే పక్కింటి గడప దగ్గర పెద్దమ్మ కనిపించింది. "సామీ, పొద్దున రాకూడదా? ఈ పొద్దు ఉండి, రేపు తెల్లార్తూనే సూసి పో. మా ఇంట్లో జొన్న రొట్టె ఉంది, పెడతా" అంది. "అవసరం లేదులేమ్మా, కొలతలు అయినాయి" అన్నాను. సాయంత్రం బస్సుకు ఆదోని వచ్చి రిపోర్టు రాశాను. సందు ఖాళీగా ఉందనీ, ఎద్దులబండి సులువుగా పోతుందనీ, వాదికి ఏ ఇబ్బందీ లేదనీ, దావా కొట్టివేయదగినదనీ రాశాను. ఆ చివరి వాక్యం నన్ను ఎవరూ అడగలేదు. కలం సాగింది గనుక రాశాను. మున్సిఫ్ గారు దాన్ని కామా కూడా తీయకుండా తీర్పులో దించారు. నా వాక్యాలు ఆయన గొంతులో వినిపిస్తుంటే హాల్లో కూర్చుని నేను పొంగిపోయాను.

తీర్పు రోజు పెద్దమ్మ వచ్చింది. ఏడవలేదు. వరండాలో తన వకీలును నిలదీసింది. ఆయన పెద్దాయన, నిదానస్థుడు.

"ఓడిపోతి, సరే. ఓడినోళ్ళు శానామంది ఉంటారు. నేను సెప్పింది ఇన్న మనిషి యవరు?"

"శిరస్తాదారు రాసుకున్నాడు కదమ్మా."

"ఆయప్ప రాసుకునె. వీధి సూసింది యవరు?"

వకీలు నా వైపు చెయ్యి చూపాడు. నేను మర్యాదగా నమస్కారం పెట్టాను.

"ఈయప్ప ఉగ్గాని తిని పాయ. మల్ల సంతకం పెట్టిన దొర యాడ? ఆయనకు నా మొగం తెలుసునా? ఇన్నోడు ఒకడు, సూసినోడు ఒకడు, సెప్పినోడు ఒకడు. ఇంగ నేను యవరితో ఓడినట్ల? సెప్పండప్పా, ఆయప్పతోనే మాట్లాడతా."

వకీలు తన కాగితాల కట్టలోంచి నా రిపోర్టు వెతికి పైకి తీసి పెట్టుకున్నాడు. తరువాత నా దగ్గరికొచ్చి నా కోటు వీపు మీది దూది దులిపి, "అప్పీలు వేస్తున్నానప్పా. నీ రిపోర్టే నాకు ముఖ్యమైన ఆధారం" అన్నాడు. ఆయన మెచ్చుకుంటున్నాడనే అనుకున్నాను.

అప్పీలు విచారణకు నేను కర్నూలు పోయాను. నేను వాదించానని చాలామందికి చెప్పాను. వాదించలేదు, వెనక బెంచీలో కూర్చున్నాను. నా రిపోర్టును పై కోర్టులో ఎట్లా పొగుడుతారో విందామని సొంత ఖర్చుతో పోయాను. జడ్జి గారు బక్కపలచని మనిషి, గొంతు పెంచే అలవాటు లేదు. మొదట మున్సిఫ్ తీర్పు చదివారు. తరువాత నా రిపోర్టు చదివారు. ఒకే కాగితం రెండుసార్లు చదివినట్టు అనిపించిందేమో, రెండూ పక్కపక్కన పెట్టుకున్నారు.

"ఈ కొలతలు తీసింది ఎవరు?" అన్నారు.

పెద్దమ్మ వకీలు వెనక్కి తిరిగి నన్ను చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను.

"ప్రతివాది గుమాస్తా దగ్గరుండి తీయించినాడు మహాప్రభూ. కమిషనరు గారు ఆ వేళకు భోజనంలో ఉండినారు" అన్నాడు పెద్దమ్మ వకీలు.

వ్యాపారి వకీలు లేచి, మున్సిఫ్ కోర్టులో పని ఒత్తిడి ఎక్కువనీ, ఇట్లా చేయడం ఆదోనిలో వాడుకేననీ అన్నాడు. జడ్జి గారు రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టారు. "చూసి రమ్మని ఒక మనిషిని పంపవచ్చు. తేల్చి రమ్మని పంపకూడదు. సాక్షి మాట్లాడేటప్పుడు జడ్జి ఎదురుగా లేకపోతే ఆ సాక్షి గోడతో మాట్లాడినట్టే. మెట్లు ఉండాలో పోవాలో నేను చెప్పను, అది ఇంకా ఎవరూ విచారించలేదు" అన్నారు. తీర్పు కొట్టేశారు. దావాను మొదటినుంచి మున్సిఫ్ గారే స్వయంగా వినాలని తిప్పి పంపారు. నా పేరు ఆర్డరులో రాలేదు. 'కమిషనరు' అని మాత్రం వచ్చింది, మంచిగా కాదు.

ఆ ఆర్డరు ఆదోని చేరిన రోజు మున్సిఫ్ గారు నన్ను గదిలోకి పిలిచారు. తిడతారనుకున్నాను. కాఫీ తెప్పించారు. "మనిద్దరికీ కలిపి పెట్టారండీ చీవాట్లు" అన్నారు. తరువాత కిటికీ వైపు చూస్తూ, "మీ వాళ్ళ మాట నాకు అర్థం కాదండీ. ఆ సంగతి ఒప్పుకోడానికి సిగ్గేసింది. అందుకని నాకూ వాళ్ళకూ మధ్య ఇంతమందిని నిలబెట్టాను" అన్నారు. నేను కాఫీ బాగుందన్నాను.

మరునాటినుంచి ఆయన హాల్లో కూర్చున్నారు. అర్థం కాకపోతే ఆపి అడిగేవారు. ఒకటి రెండు వారాలు జనం నవ్వారు, తరువాత నవ్వడం మానేశారు. ఆయన కోసం నిదానంగా మాట్లాడడం మొదలుపెట్టారు. ఒక ముసలి సాక్షి బోనులోనే గొంతుకూర్చుని, "నీకు అర్థమయ్యేదాంక సెప్తా సామీ, నాకు మాత్రం ఏం పనుంది" అన్నాడు. శిరస్తాదారు ఛాతీ మళ్ళీ యథాస్థానానికి వచ్చింది. దావాలు మాత్రం కుప్పపడ్డాయి. వకీళ్ళం సణుక్కున్నాం, బయటికి అనలేదు.

పెద్దమ్మ సాక్ష్యం ఆయన ఒక రోజంతా విన్నారు. అది అయ్యాక, సందు తానే చూస్తానన్నారు. రెండు వైపులా వకీళ్ళను రమ్మన్నారు. నన్ను చూసి, "మీరూ రండి. మధ్యాహ్నం చూసినదాన్ని పొద్దున చూద్దురుగాని" అన్నారు. ముందు రోజు సాయంత్రమే ఎమ్మిగనూరు చేరి, ప్రయాణికుల బంగళాలో పడుకున్నాం. తెల్లవారుతుండగా సందులోకి పోయాం. అది నేను చూసిన సందేనా అనిపించింది. ఈ కొసనుంచి ఆ కొసదాకా తెల్లటి పడుగులు, గంజి కుండలు, కుంచెలు పట్టుకుని ముందుకూ వెనక్కూ నడిచే ఆడవాళ్ళు, మగవాళ్ళు. ఇళ్ళలోంచి మగ్గాల చప్పుడు. చల్లగాలికి దారాలు సన్నగా అల్లాడుతున్నాయి. అంత అందమైన వీధిని నేను ఖాళీ జాగా అని రాశాను.

పెద్దమ్మ, కోడలు పడుగు చాచారు. ఒక కొస పట్టుకునేందుకు మనిషి తక్కువైతే, పెద్దమ్మ పక్కన నిలబడ్డ మున్సిఫ్ గారితో, "పట్టుకో సామీ" అంది. ఆయన పట్టుకున్నారు. వ్యాపారి వకీలు అభ్యంతరం చెబితే ఆయన, "ఈ చెయ్యి నాదేనండీ, ఎవరి దగ్గరా అరువు తేలేదు" అన్నారు. ఈ మాట నేను ఏళ్ళ తరబడి చెబుతున్నాను. ఆయన అనలేదు. నేనే అల్లాను. కొస పట్టుకున్నది కూడా కోర్టు బంట్రోతే. మున్సిఫ్ గారు వాడి పక్కన చెప్పులు విడిచి నిలబడ్డారు. చెప్పులు విడిచిన మాట మాత్రం నిజం, గంజిలో కాలు పెడతానేమోనని భయపడ్డారు.

పడుగు బిగించారు. కొత్త మెట్టు అంచు దగ్గర దారాలు రాపాడాయి. కుంచె రెండుసార్లు పోయేసరికి పోగులు తెగడం మొదలైంది. పెద్దమ్మ కుంచె పక్కన పెట్టింది. కూర్చుని ఒక్కొక్క పోగూ ముడివేయడం మొదలుపెట్టింది. మున్సిఫ్ గారు వంగి, "ఎన్ని తెగాయమ్మా?" అన్నారు.

"ఎంచలేదు సామీ. ఎంచేదానికంటే కట్టేది బిరీన అయితాది."

ఆమె కట్టడం అయ్యేదాకా ఆయన అక్కడే నిలబడ్డారు. తరువాత అరుగు మీద నిలబడ్డ వ్యాపారిని, "ఇంత వెడల్పు మెట్లు ఎందుకు కట్టించావయ్యా?" అని అడిగారు. వకీలు జవాబు చెప్పబోతే ఆయన్నే చెప్పనివ్వమన్నారు.

"మా యమ్మకు మోకాళ్ళు సామీ. పాత మెట్లు నిటారుగా ఉండె. దిగతా పడింది ఒకసారి. అందుకని."

"గోడ వెంబడి పక్కకు తిప్పి కట్టుకుంటే మీ అమ్మగారు దిగలేరా?"

వ్యాపారి గోడ వైపు చూశాడు, మెట్ల వైపు చూశాడు. "దిగుతాది. ఆ మాట నన్ను యవరూ అడగలేదు సామీ."

నిజమే. అంతమంది చేతుల్లోంచి పోయిన దావాలో ఆ మాట ఎవరూ అడగలేదు. ఆయన ఇంట్లో తిన్న నేను కూడా అడగలేదు. తీర్పు ఆ ప్రకారమే వచ్చింది. మెట్లు గోడ వెంబడి తిరిగాయి, పడుగు సందు పొడుగునా సాగింది. రెండు వైపులా ఎవరూ మళ్ళీ అప్పీలుకు పోలేదు. నాకు ఇంకెప్పుడూ కమిషను రాలేదు. పెళ్ళి సంబంధం వచ్చింది.

ఇంతవరకూ చెప్పి, మనవరాలి చేత రాయించి, చివర ఒక ముక్తాయింపు కూడా పెట్టించాను. ఆ అప్పీలు పోయి రావడానికి, దావా మళ్ళీ మొదలై ముగియడానికి ఏవో రెండేళ్ళు పట్టి ఉంటాయి, ఇంత దూరం నుంచి చూస్తే రెండేళ్ళు ఒక లెక్కా, కాలం దేన్నైనా నిదానంగా చక్కబెడుతుంది, అని. పిల్ల దాన్ని గట్టిగా చదివి వినిపించింది. బాగుందనిపించి నేను కళ్ళు మూసుకున్నాను.

మా ఆవిడ చిక్కుడుకాయల గిన్నె పక్కకు జరిపింది.

"ఆ రెండేండ్లు పెద్దమ్మ పడుగు యాడ సాపుకుండెనో రాసినారా? రాయలా. మీకు తెలిస్తే కదా. ఊరి బయట రాళ్ళ బయలులో. గంజి కుండ నెత్తిన పెట్టుకోని, పడుగు సంకన పెట్టుకోని, కోడల్ని యెంటబెట్టుకోని సీకట్లోనే పోతాండె. వానొస్తే తడిసిన పడుగు ఎత్తుకోని ఏడ్సుకుంటా వస్తాండె. నేను మా కిటికీలోనుంచి సూసేదాన్ని. కాలం సక్కబెట్టింది అంట. కాలం ఏం సేసింది? ఆయమ్మ నడిసింది."